బాధపడుతున్న గుర్రానికి కారుణ్య మరణం: దరఖాస్తు ఎవరికి, ఎలా?

బరాత్‌లో కాలు విరిగి పడిపోయిన గుర్రం కావచ్చు, శూలతో రాత్రంతా పొర్లి ఇక లేవలేని జట్కా గుర్రం కావచ్చు, బతికే దారి లేదని తేలాక నొప్పి లేకుండా దాని ప్రాణం పోయేలా చూడటానికి చట్టం ఒప్పుకుంటుంది. దీనికోసం ఫారం వెతుక్కుంటూ కూర్చోవద్దు. 1960 జంతు హింస నివారణ చట్టంలో అలాంటి ఫారమేదీ లేదు, తెల్లకాగితం మీద రాసిచ్చేదే దరఖాస్తు.

ముందు 1962కి ఫోన్ కొట్టండి, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పశువుల అంబులెన్స్ నంబరు అదే. లేదా దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు ఎవరినైనా పంపండి. గుర్రాన్ని మాత్రం ట్రాలీ ఎక్కించాలని చూడొద్దు, విరిగిన కాలుతో దానికి అది నరకం. డాక్టరే రావాలి.

యజమాని మీరే అయితే పని సులువు. పశువైద్యాధికారి పేరు మీద అర్జీ రాయండి: మీ వివరాలు, గుర్రం రంగు, వయసు, నుదుటి మచ్చ లాంటి గుర్తులు, ఏమైంది, ఎన్నాళ్ల నుంచి, ఇప్పటిదాకా ఏ మందులు వాడారు. చివర్లో, బతికించడం క్రూరత్వమని మీరు నిర్ధారిస్తే కారుణ్య మరణానికి నాకు సమ్మతమే అని స్పష్టంగా రాసి సంతకం పెట్టండి. సాక్షి సంతకాలు, రెండు ఫోటోలు ఉంటే మంచిది. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీకి ముందే చెప్పాలి, అయిపోయాక చెబితే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

యజమాని ఎవరో తెలియకపోయినా, ఉండి ఒప్పుకోకపోయినా అసలు తిరుగుడు అప్పుడే. 13వ సెక్షన్ ప్రకారం కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు పోలీసు అధికారి గానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన వ్యక్తి గానీ వచ్చి, గుర్రాన్ని కదిలించడమే హింస అనిపిస్తే ఆ ప్రాంత పశువైద్యాధికారిని పిలిపించాలి. బతికించడం క్రూరత్వమని ఆయన సర్టిఫికెట్ ఇచ్చాక మేజిస్ట్రేట్ ఉత్తర్వు తీసుకోవాలి. ఆ ఉత్తర్వు మీద అప్పీలు లేదు. చెప్పడానికి నాలుగు వాక్యాలే గానీ గంటలు పడుతుంది, అంతసేపూ గుర్రం అక్కడే ఎండలో ఉంటుంది, అందుకే డాక్టరు రాగానే నొప్పి తగ్గే ఇంజెక్షన్ అడిగి వేయించండి, దానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

ముసలిదైంది, సీజన్ అయిపోయింది, దాణా దండగ అంటే ఇది కుదరదు, ఆ కారణానికి డాక్టరు సంతకం పెట్టకూడదు కూడా. తీసుకునే జంతు సంరక్షణ సంస్థ కోసం అడగండి. తిండీ నీళ్లూ దొరకని చోట వదిలేయడం 11వ సెక్షన్ కింద నేరం, కాకపోతే మొదటిసారికి జరిమానా 50 రూపాయలు దాటదు, 1960 నాటి రేటే ఇంకా నడుస్తోంది, దానికి ఎవరు భయపడతారు!

ముక్కు నుంచి చిక్కటి చీము, చర్మం మీద పుండ్లు ఉంటే దారి వేరు. అది గ్లాండర్స్ అనే అంటురోగం కావచ్చు, మనుషులకూ అంటుకుంటుంది. ముట్టుకోకుండా వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పండి. హర్యానాలోని హిసార్‌లో జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రం ఉంది, ఆ జబ్బు నిర్ధారణ వాళ్లు చేస్తారు. పాజిటివ్ వస్తే 2009 అంటువ్యాధుల చట్టం కింద శాఖే చూసుకుంటుంది.

కారుణ్య మరణం చేసే పద్ధతి ఇది: ముందు మత్తు, గుర్రం పడుకున్నాక నరంలోకి మోతాదుకు మించిన మత్తుమందు. గుండె ఆగిందో లేదో డాక్టరు స్టెతస్కోప్‌తో చూశాకే అయిపోయినట్టు. మూడు నాలుగు వందల కిలోల కళేబరం కాబట్టి జేసీబీని ముందే మాట్లాడి పెట్టుకోండి, లోతుగా గొయ్యి తీయించి సున్నం చల్లి పూడ్పించండి. ఒంట్లో ఆ మందు ఉండిపోతుంది, కుక్కలు పీక్కుతింటే అవీ చస్తాయి.

సర్టిఫికెట్, సమ్మతి పత్రం జిరాక్సులు దాచుకోండి. విషం పెట్టి చంపారని రేపు ఎవరైనా కేసు పెడితే భారతీయ న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల దాకా జైలు ఉంది, అప్పుడు చూపించాల్సింది ఆ కాగితాలే.