వాపు లేదని తెల్లారేదాకా ఆగొద్దు: వానాకాలం పాముకాటు జాగ్రత్తలు

పోయిన వారం మా మండలంలో ఒక పిల్లాడు కట్లపాము కరిచి చనిపోయాడు. రాత్రి ఒంటిగంటప్పుడు లేచి, చెవి దగ్గర ఏదో కుట్టిందన్నాడట. తల్లి లైటు వేసి చూస్తే వాపు లేదు, రక్తం లేదు. చీమేమో అనుకుని పడుకోబెట్టింది. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. తిన్నది అరగలేదేమోనని సోడా తాగించారు. ఆరింటికల్లా పిల్లాడు కనురెప్పలు ఎత్తలేకపోయాడు. ఆటో ఎక్కించేసరికి మాట ముద్దగా వచ్చింది. దారిలోనే ఊపిరి ఆగింది. ఆ తల్లిని ఎవరూ ఒక్క మాట అనకండి. కట్లపాము కాటు అలాగే మోసం చేస్తుంది.

చెప్పులు వేసుకోండి, టార్చి పట్టుకోండి అని అందరూ చెప్తూనే ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. వాపు లేదని, నొప్పి లేదని తెల్లారేదాకా ఆగొద్దు.

ఎందుకు ఆగకూడదు

మన దగ్గర ఎక్కువగా ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. పింజరి కరిస్తే మంట, వాపు, ఒక్కోసారి చిగుళ్ళ నుంచి రక్తం. భయపడి మనిషే పరుగున వస్తాడు. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వచ్చి, కింద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. దాని కోరలు చిన్నవి, గాటు కనబడకపోవచ్చు. విషం మాత్రం నరాల మీద పనిచేస్తుంది. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత గుటక పడదు, ఆ తర్వాత ఊపిరి అందదు. యాంటీవీనమ్, అంటే పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్, ఒంట్లో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గానీ, అప్పటికే నరాలకు జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేదు. అందుకే గంట గంటకీ లెక్క ఉంది.

2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని అంచనా. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి.

మంత్రం, పసరు

వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని చూస్తారు. తెలుస్తోందంటే విషం ఎక్కలేదని ఇంటికి పంపేస్తారు. ఇది పరీక్ష కాదు. మంత్రం వేయించుకుంటే బతికారని చెప్పేవాళ్ళలో చాలామందిని కరిచింది విషం లేని పామే. విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. 2018లో దివిసీమలో పాముకాట్లు పెరిగి జనం వణికిపోయినప్పుడు మోపిదేవిలో యాగం చేశారు. పూజలు చేసుకోండి, తప్పేం లేదు. కానీ కరిచాక మొదట వెళ్ళాల్సింది ఆసుపత్రికే. మంత్రగాడి వాకిట్లో పోయిన గంట మళ్ళీ రాదు.

ఇక మిగతావి

కింద పడుకోక తప్పకపోతే దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపండి. కట్లపాము నుంచి ఇంతకంటే చవకైన రక్షణ లేదు.

రాత్రి మోటారు వేయడానికి వెళ్తే స్టార్టర్ డబ్బాలో ముందు లైటు పెట్టి చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి. కట్టెలు, పిడకలు, గడ్డి తీసేటప్పుడూ అంతే.

వానాకాలంలో నిద్రలో ఏదో కుట్టిందని లేచి, ఆ తర్వాత కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టు, రెప్పలు బరువుగా అనిపిస్తే అది అజీర్తి అనుకోకండి. కట్లపామే అనుకుని బయలుదేరండి. తెల్లారేదాకా ఆగొద్దు.

తాడు బిగించి కట్టొద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. ఐస్ పెట్టొద్దు.

ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి. వాపొచ్చాక రావు, అక్కడికి రక్తం అందదు.

నడిపించొద్దు. కాలో చెయ్యో కదలకుండా ఒక బద్ద పెట్టి వదులుగా కట్టండి. 108 ఆలస్యమైతే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళండి.

పాలు, సోడా, పసరు, ఏదీ తాగించొద్దు. గుటక పడకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పామును పట్టుకోవద్దు, చంపి సంచిలో తేవద్దు. తెగిపడిన పాము తల కూడా కరవగలదు. దూరం నుంచి ఫోటో దొరికితే చాలు.

మనిషి కదలట్లేదని పోయాడనుకోవద్దు. కట్లపాము కరిచినవాళ్ళకి ఒళ్ళు కదలకపోయినా పక్కనున్నవాళ్ళ మాటలు వినబడుతుండొచ్చు. ఊపిరి అందించి, వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉంచి బతికించినవాళ్ళున్నారు.

బయలుదేరే ముందే ఆసుపత్రికి ఫోన్ చేయండి. యాంటీవీనమ్ ఉందా, వెంటిలేటర్ ఉందా అని రెండూ అడగండి. లేదంటే ఎక్కడుందో వాళ్ళనే చెప్పమనండి.

ఇరవై నాలుగు గంటలు ఉంచాలంటే ఉంచండి. బాగానే ఉన్నాడుగా అని సంతకం పెట్టి ఇంటికి తీసుకురావద్దు.