ఫిజిక్స్ మేజర్ తీసుకునే ముందు

- బ్లాక్ హోల్స్ వీడియోలు నచ్చడం వేరు, ఒకే లెక్కతో రెండు గంటలు కుస్తీ పట్టడం వేరు. చేరకముందే మెకానిక్స్ పుస్తకంలో ఒక అధ్యాయం చివరి లెక్కలన్నీ జవాబులు చూడకుండా చేయండి. విసుగొచ్చినా మళ్లీ కూర్చోవాలనిపిస్తే మంచి గుర్తు. మార్కుల కన్నా నేను దీన్నే నమ్ముతాను.
- కాలిక్యులస్ గట్టిగా ఉండాలి. పరమాణువుల స్థాయిలో పదార్థం ఎలా నడుస్తుందో చెప్పే క్వాంటమ్ మెకానిక్స్‌కు పునాది అయిన, 1926లో భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ ప్రచురించిన సమీకరణం కూడా అవకలన సమీకరణమే (డిఫరెన్షియల్ ఈక్వేషన్), అంటే కాలిక్యులస్ లేనిదే అర్థం కాదు. గణితాన్ని తప్పించుకునే దారి లేదు.
- ల్యాబ్, కోడింగ్ ఎంతున్నాయో సిలబస్‌లో చూడండి.
- పరిశోధన చేయాలనుంటే సాధారణంగా పీహెచ్‌డీ కావాలి, అంటే డిగ్రీ తర్వాత ఇంకా చాలా ఏళ్లు. ఈ మాట ఇంట్లో ముందే చెప్పండి.
- మేజర్ మార్చుకునే గడువు రాసిపెట్టుకోండి. మొదటి సెమిస్టర్‌లో మార్కులు తగ్గాయని టెన్షన్‌తో మాత్రం మానేయకండి.