కుట్ల మీద చేయి వేసే ముందు

కావలిలో మా వీధిలో ఎవరికి ఆపరేషన్ అయినా, ఇంటికి వచ్చిన రెండు మూడు రోజుల్లో నాకు కబురు వస్తుంది: "సిస్టరమ్మా, ఒకసారి కుట్లు చూసి వెళ్లండి." ముప్పై ఒక్క ఏళ్లు డ్రెస్సింగ్ గదిలో పనిచేసి రిటైరైన దాన్ని. వెళ్లగానే నేను ముందు చూసేది కుట్లను కాదు, కట్టు విప్పబోయే మనిషి గోళ్లను.

ఆపరేషన్ థియేటర్లో వేసిన కట్టును మొదటి 48 గంటలు ముట్టుకోకండి. ఆ రెండు రోజుల్లోనే కోత అంచులు పైపైన అతుక్కుని, బయటి క్రిములకు దారి మూసుకుపోతుంది. కట్టు రక్తంతో తడిసి ముద్దయితే మాత్రం డాక్టరుకు చెప్పాలి. ఈ సంగతి తెలిసి కూడా, మా ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు రెండో పూటకే నేను ప్లాస్టర్ అంచు లేపి చూశాను. "పప్పు ఉడికిందా లేదా అని మూత తీసి చూస్తున్నావా?" అన్నారాయన. లేపిన ప్లాస్టర్ మళ్లీ అంటుకోలేదు. కట్టు మొత్తం మార్చాల్సి వచ్చింది.

కట్టు మార్చమని డాక్టరు చెప్పిన రోజున ముందు సామానంతా దగ్గర పెట్టుకోండి: విప్పని గాజ్ (కట్టుకు వాడే పలచటి గుడ్డ) ప్యాకెట్లు, ప్లాస్టర్, కొత్త సెలైన్ సీసా. ఫ్యాను ఆపండి. గాజులు, ఉంగరాలు తీసి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. ప్లాస్టర్‌ను వెంట్రుకలు వాలిన వైపుకే, రెండో చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి నెమ్మదిగా లాగాలి. గుడ్డ అంటుకుపోయి ఉంటే పీకవద్దు. సెలైన్ పోసి అయిదు నిమిషాలు ఆగితే దానంతట అదే వదులుతుంది. పీకితే దానితోపాటు అప్పుడే పుట్టిన లేత చర్మమూ వస్తుంది. పాత కట్టు పారేశాక మళ్లీ చేతులు కడగాలి. అందరూ మరిచేది ఈ రెండోసారే. కోత మీదుగా ఒక్కసారి తుడిచి ఆ గుడ్డను పారేయండి, రెండో తుడుపుకు కొత్త ముక్క తీసుకోండి. తరువాత అద్ది తడి ఆర్చాలి, రుద్దకూడదు.

పసుపు, కాఫీ పొడి, విభూతి, పౌడరు ఏవీ వద్దు. నురగ వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు. అది క్రిములతో పాటు కొత్త కణాలనూ చంపుతుంది. "గాలి తగిలితే ఆరుతుంది" అని కట్టు తీసి కూర్చోబెట్టేవాళ్లున్నారు. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని పాలిథీన్‌తో కప్పి, కొన్నింటిని గాలికి వదిలేశాడు. కప్పినవాటిలో కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంది. పక్కు కడితే దాని కిందనుంచి కణాలు దారి వెతుక్కుంటూ పాకాలి. అయితే రోహిణి ఎండల్లో పొట్ట ముడత కింద చెమటతో నానడం వేరే సంగతి. ఆ ముడతను మెత్తని గుడ్డతో ఆరబెడుతూ ఉండాలి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం పథ్యం. పప్పు తింటే చీము పడుతుందట, గుడ్డు తింటే దురదట, చేప అయితే అసలే కూడదట! చీము అంటే క్రిములతో పోరాడి చచ్చిన తెల్ల కణాలు. కందిపప్పులోంచి ఊడిపడేది కాదు. గాయం పూడ్చే కొత్త కండకు మాంసకృత్తులు కావాలి. కంది పండే ప్రకాశం జిల్లాలో, చేపల పులుసుకు పేరుపడ్డ నెల్లూరులో మనిషిని కారప్పొడి అన్నంతో ఎండగట్టడం ఏం న్యాయం? సిజేరియన్ అయిన బాలింతకు నీళ్లు కూడా లెక్కపెట్టి పోస్తారు. డాక్టరు వద్దన్నవి తప్ప అన్నీ పెట్టండి, నీళ్లు అడిగినన్ని ఇవ్వండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం మీటరు దగ్గర పెట్టుకోవాలి. చక్కెర ఎక్కువగా ఉంటే తెల్ల కణాలు మందగిస్తాయి.

తప్పులు ఇంట్లోనే జరుగుతాయని కాదు. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం రోగుల ఒంటి మీది వెంట్రుకలను బ్లేడుతో నున్నగా గొరిగిన చేతులు నావి. కంటికి కనపడని ఆ గాట్లలో క్రిములు చేరతాయి. గొరగవద్దని, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. మీకు ఆపరేషన్ ఉంటే ఇంటి దగ్గర రేజర్ పట్టకుండా, సబ్బుతో స్నానం చేసి వెళ్లండి. ఆపరేషన్ అయ్యాక మందుల దుకాణంలో సొంతంగా యాంటీబయాటిక్ కొనకండి. డాక్టరు రాసిస్తే చెప్పినన్నాళ్లూ వాడండి. రొయ్యల చెరువుల్లో దిగేవాళ్లు గాయం పూర్తిగా మానేదాకా ఆ ఉప్పునీటి జోలికి పోకూడదు. అందులో ఉండే విబ్రియో జాతి క్రిములు పుండులోకి చేరితే కాలికే కాదు, ప్రాణానికే ముప్పు.

పలచటి రసి రెండు మూడు రోజులు కొద్దిగా కారితే భయం లేదు. అది చిక్కబడి వాసన వేసినా, తగ్గుతున్న నొప్పి మళ్లీ సలుపుగా మారినా, జ్వరం వచ్చినా వెళ్లి చూపించండి. ఎర్రబడితే ఆ ఎరుపు అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీయండి. సాయంత్రానికి ఎరుపు గీత దాటితే తెల్లవారేదాకా ఆగకండి. కుట్లు విప్పేశారు కదా అని నిశ్చింతగా ఉండవద్దు. కోత దగ్గర చీము 30 రోజుల్లోపు ఎప్పుడైనా పట్టవచ్చు. లోపల ప్లేటో, కృత్రిమ కీలో వేసి ఉంటే 90 రోజుల దాకా కనిపెట్టి ఉండాలి.

మూడు వారాలకు కూడా కోత చోట అసలు చర్మానికి ఉన్న బలంలో అయిదో వంతే ఉంటుంది. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు నిండు బిందె, గ్యాస్ బండ ఆరు వారాలైనా ఎత్తకూడదు. దగ్గు వస్తే దిండు పొట్టకు అదుముకుని దగ్గాలి. వారం రోజుల లోపో, కాస్త అటూ ఇటూగానో ఉన్నట్టుండి గులాబీ రంగు నీరు కట్టు తడిచేలా వచ్చిందంటే లోపలి కుట్టు విడుతోందని అర్థం. పేగు బయటికి కనిపిస్తే లోపలికి నెట్టకండి. శుభ్రమైన గుడ్డను సెలైన్‌లో తడిపి కప్పి, మోకాళ్లు మడిచి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. దాహం అన్నా గుక్కెడు నీళ్లు కూడా పోయకండి, మళ్లీ మత్తు ఇవ్వాల్సి ఉంటుంది.