స్లో కుక్కర్‌లో కోడికూర: గుంటూరు, విజయవాడల నుంచి అమెరికా వెళ్ళేవారికి

చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్తున్నారా? దిగాక కొనే మొదటి సామానులో స్లో కుక్కర్‌ను, అంటే తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్‌ను, చేర్చుకోండి. ఇక్కడి నుంచి మోసుకెళ్ళవద్దు, మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. టైమరు ఉన్నదైతే మేలు, పెట్టిన సమయం కాగానే తానే ‘వార్మ్’కు (కూరను వేడిగా ఉంచడానికి) మారుతుంది.

పెట్టెలో చోటు కారానికి ఉంచండి. గుంటూరు సన్నం కాయలకు తొడిమలు తీసి, బాగా ఎండబెట్టి మిల్లులో పట్టించండి. తేజ రకం మిరపకు ఘాటు ఎక్కువ, రోజూ తినే కూరకు సన్నమే నయం. నాటుకోడి పచ్చడి మాత్రం పెట్టవద్దు. అమెరికాలోకి మాంసం పచ్చళ్ళు రానివ్వరు, అమ్మ కష్టమంతా విమానాశ్రయంలోనే పోతుంది.

ఇక వంట. స్లో కుక్కర్ ఉడికిస్తుందే గాని వేయించదు. అన్నీ పచ్చిగా పడేసి మూత పెడితే కూర తెల్లగా, నీళ్ళనీళ్ళగా వస్తుంది. అందుకే ముందు మూకుడులో ఉల్లిపాయలు ఎర్రగా వేయించండి. అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయాక పసుపు, కారం, ధనియాల పొడి వేసి, నూనె తేలాక కోడి ముక్కలకు పట్టించి స్లో కుక్కర్‌లోకి మార్చండి. మన రుచి అంతా ఈ కాసేపటి వేపుడులోనే ఉంది, దయచేసి మానవద్దు. వేయించేటప్పుడు కిటికీ తెరవండి, లేదంటే పొగ అలారం మోగుతుంది.

నీళ్ళు పోయనక్కరలేదు. ఆవిరి మూతకు తగిలి మళ్ళీ గిన్నెలోకే జారుతుంది, ముక్కల్లో ఊరే నీరే సరిపోతుంది. ఎముకతో ఉన్న తొడ ముక్కలు తీసుకోండి, రొమ్ము ముక్కలు పీచులా ఎండిపోతాయి. గడ్డకట్టిన మాంసం నేరుగా వేయవద్దు. అది నెమ్మదిగా వేడెక్కేలోపు క్రిములు పెరుగుతాయి కనుక ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చండి. ‘లో’ (Low, తక్కువ వేడి) మీద ఆరు గంటలు చాలు. మధ్యలో మూత తీస్తే వేడి పోయి, ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది. ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటాలి.

గోంగూర దొరికితే అదృష్టమే. విడిగా నూనెలో మగ్గించి చివరి అరగంటలో కలపండి. పెరుగు, కొబ్బరిపాలు కూడా అప్పుడే, ముందే వేస్తే విరుగుతాయి. గరం మసాలా, కొత్తిమీర దించాకే. పలుచగా అనిపిస్తే మూకుడులోకి మార్చి పెద్ద మంట మీద ఇగరనివ్వండి.

మిగిలిన కూరను రెండు గంటలలోపు చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. వేడి పింగాణీ గిన్నె మీద చన్నీళ్ళు పోయవద్దు, పగులుతుంది.