గాలి మానిటర్ అలారం నిజమా, రేడానా? అణు విద్యుత్ కేంద్రంలో సమస్య - పరిష్కారం

అలారం మోగితే ముందు గదిలోంచి బయటికి రండి, కారణం తరువాత వెతకవచ్చు. 'రోజూ మోగేదే కదా' అని రీసెట్ నొక్కే అలవాటు ఏ యంత్ర లోపం కన్నా ప్రమాదకరం.

సమస్య: పనేమీ జరగకపోయినా తెల్లవారుజామున ఆల్ఫా మానిటర్ (గాలిలోని ఆల్ఫా కణాలను లెక్కించే యంత్రం) మోగుతోంది

కారణం: చాలాసార్లు రేడాన్. నేలలోంచి, కాంక్రీటులోంచి వెలువడే ఈ వాయువు వెంటిలేషన్ ఆపిన గదిలో పేరుకుంటుంది. అది క్షయమైతే పుట్టే పొలోనియం-218, పొలోనియం-214 గాలిలోని ధూళికి అంటుకుని ఫిల్టర్ మీద చేరతాయి.

పరిష్కారం: ఫిల్టర్ తీసి దాని మీది రేడియోధార్మికతను వెంటనే లెక్కించండి, మూడు గంటల తరువాత మళ్లీ లెక్కించండి. రేడాన్ సంతానమే (అది క్షయమై పుట్టిన పదార్థాలే) అయితే లెక్క దాదాపు అరగంటకోసారి సగమవుతూ అడుగంటుతుంది. అప్పటికీ కొంత మిగిలితే థోరియం నుంచి పుట్టే రేడాన్ రూపమైన థోరాన్‌ను అనుమానించాలి. దాని సంతానంలోని సీసం-212 అర్ధాయువు (సగానికి తగ్గే సమయం) 10.6 గంటలు కాబట్టి మూడు రోజులు ఆగి మరోసారి చూడాలి. అప్పుడూ తగ్గలేదంటే యురేనియం, ప్లుటోనియం వంటివి ఉన్నాయేమో తేల్చాల్సిందే. ఆ గదిలో పనిచేసినవారి పేర్లు మొదటి గంటలోనే రాసిపెట్టుకోండి. మూడు రోజుల తరువాత ఎవరికీ గుర్తుండదు.

సమస్య: షట్‌డౌన్‌లో కాంక్రీటు డ్రిల్లింగ్ చేసినవారి శాంపిల్‌లో సన్నధూళి బరువు నమ్మలేనంత ఎక్కువ

కారణం: సైక్లోన్ (కార్మికుడి గాలి పంపుకు తగిలించే, గాలిని సుడి తిప్పి పెద్ద కణాలను వేరుచేసే చిన్న పరికరం) తలకిందులై ఉంటుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరే కణాలు సుమారు 4 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. పెద్దవి కింది గిన్నెలో పడాలి. కార్మికుడు పైపు కిందికి దూరి పడుకున్నా, పంపు విప్పి బల్లమీద పడేసినా గిన్నెలోని పెద్ద రేణువులు ఫిల్టర్ మీదికి జారతాయి. భూతద్దం పెట్టి చూడండి: విడివిడి రేణువులు కనిపిస్తే ఆ శాంపిల్ పనికిరాదు. పంపు ప్రవాహం తగ్గినా పెద్ద కణాలు ఫిల్టర్ దాకా వచ్చేస్తాయి.

పరిష్కారం: శాంపిల్ మళ్లీ తీయండి. పనికి ముందూ తరువాతా ప్రవాహం కొలవండి. అల్యూమినియం సైక్లోన్‌కైతే సాధారణంగా నిమిషానికి 2.5 లీటర్లు. తేడా 5 శాతం దాటకూడదు.

సమస్య: వెల్డర్లు దగ్గుతున్నారు, రీడింగ్ మాత్రం బాగుంది

శాంపిలర్ (గాలి నమూనా తీసే పరికరం) ఎక్కడుంది? గోడకా? వెల్డర్ ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపు, శిరస్త్రాణం లోపల పెట్టండి.

సమస్య: అయోడిన్ కార్ట్రిడ్జ్ (గాలిలోని రేడియోధార్మిక అయోడిన్‌ను పట్టే డబ్బా) అనుమానాస్పదంగా ఎక్కువ చూపుతోంది

బొగ్గు కార్ట్రిడ్జ్ అయోడిన్‌తో పాటు రేడియోధార్మిక జడవాయువు జినాన్‌నూ పట్టుకుంటుంది. శుభ్రమైన గాలి పంపి జినాన్‌ను వెళ్లగొట్టి, ఏ మూలకం ఉందో చూపే గామా స్పెక్ట్రమ్ తీయండి. తరచూ ఇదే తంతైతే సిల్వర్ జియోలైట్ (వెండి కలిపిన ఖనిజం) కార్ట్రిడ్జ్ వాడండి. ఖరీదు ఎక్కువే, కానీ జినాన్‌ను పెద్దగా పట్టుకోదు.