వరద రాకముందే అటక దించండి

మొన్న ఆదివారం మా వీధిలో తొమ్మిదేళ్ళ కుర్రాడు అమ్మమ్మగారింటి అటక మీంచి దించిన సామాన్లలో కూల్‌డ్రింక్ సీసా చూసి ఒక గుక్క వేశాడు. అందులో ఉన్నది కలుపు మందు. ఎప్పుడో చేలో కొట్టగా మిగిలింది, డబ్బా కారుతోందని వాళ్ళ తాతయ్య అందులోకి వంపి దాచారు. దాచిన సంగతి ఆయనే మర్చిపోయారు. పిల్లాడు వెంటనే ఉమ్మేశాడు కాబట్టి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు.

నేను పదకొండేళ్ళు పంచాయతీ పారిశుధ్యం పని చూశాను. తడి చెత్త, పొడి చెత్త సంగతి గోడల మీదే రాసి ఉంటుంది, అది వదిలేస్తాను. నాకు తెలిసి కొంపలు ముంచింది ఒకటే పని: ఒక సీసాలోది ఇంకో సీసాలోకి వంపడం. పురుగుమందు, యాసిడ్, కిరసనాయిలు, థిన్నర్, ఏదైనా సరే. సీసా మారిందంటే పేరు పోయినట్టే. డాక్టరు మొదట అడిగేది ఆ పేరే. డబ్బా కారుతుంటే డబ్బాతో సహా బకెట్‌లో పెట్టండి, అంతేగాని సీసా మార్చకండి.

అటక ఇప్పుడే దించమని ఎందుకంటున్నానంటే, గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది మధ్య లంక ఊళ్ళలో మొదటి హెచ్చరికకే సామాన్లు పైకెక్కించడం మొదలవుతుంది. ఆ కంగారులో ఏ సీసాలో ఏముందో ఎవరు చూస్తారు? మంచం కింద వదిలేసిన పురుగుమందు గుళికల సంచి, పెయింట్ డబ్బా వరద నీళ్ళలో కలుస్తాయి. మన ఊళ్ళలో చాలావాటికి మంచినీళ్ళ చెరువు నిండేది కాలువ నీళ్ళతోనే.

ధాన్యంలో పురుగు పట్టకుండా పెట్టే బిళ్ళలుంటాయి, అల్యూమినియం ఫాస్ఫైడ్‌వి. వాటికి తడి తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పడుకునే గదిలో ఒక్క బిళ్ళ కూడా ఉండకూడదు.

ఇక పంచాయతీల సంగతి. పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకి ఒక చోట ఇలాంటి ఇంటి విషాలు తీసుకునే కేంద్రం ఉండాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు: పురుగుమందు డబ్బాలు, పెయింట్ డబ్బాలు, గడువు తీరిన మందులు, సూదులు, బల్బులు. ఊళ్ళలో చెత్త నుంచి సంపద కేంద్రం షెడ్డు ఉంది కదా, అందులో తాళం వేసే డ్రమ్ము ఒకటి పెట్టించమని గ్రామసభలో అడగండి. ఎత్తైన అరుగు మీద పెట్టించమనండి. నేను చూసిన షెడ్లలో సగం డ్రెయిన్ పక్కన పల్లంలోనే ఉన్నాయి, వరదకి ముందు మునిగేవి అవే. డ్రమ్ము నిండితే ఎవరు, ఏ బండిలో, ఏ నెలలో తీసుకెళ్తారో కూడా తీర్మానంలో రాయించండి. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం విశాఖ దగ్గర పరవాడలో ఉంది, డ్రమ్ము తనంతట తాను అక్కడికి వెళ్ళదు.

ఇంట్లో మాత్రం ఇవి పాటించండి.

ఖాళీ మందు డబ్బా మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు స్ప్రేయర్‌లోనే పోసి చేలో కొట్టేయండి. కాలువలో కడగొద్దు. డబ్బాకి కన్నం పొడవండి, లేదంటే రేపు ఎవరో అందులో తాగే నీళ్ళు మోస్తారు.

ఆ డబ్బాలు కాల్చొద్దు.

ట్యూబ్‌లైట్లు పగలగొట్టొద్దు, లోపల పాదరసం ఉంటుంది.

ఇన్సులిన్ సూదులు గట్టి డబ్బాలో వేసి, మూత బిగించి, పైన 'సూదులు' అని రాయండి. చెత్త తీసే ఆవిడ ఉత్త చేతుల్తోనే తీస్తుంది.

వరద తగ్గాక బ్లీచింగ్ పౌడర్ పంచుతారు. దాన్ని బాత్రూం యాసిడ్‌తో కలపొద్దు, క్లోరిన్ వచ్చి ఊపిరాడదు. నేలంతా ఒకేసారి తెల్లగా చేసేద్దామని ఈ తప్పు చేసినవాళ్ళని చూశాను.

ఎవరైనా తాగేస్తే వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్ళు పట్టొద్దు. 108కి ఫోన్ చేసి, అసలు డబ్బా చేత్తో పట్టుకుని వెళ్ళండి. సీసా మార్చి ఉంటే మీ చేతిలో ఉండేది నారింజ బొమ్మ ఉన్న కూల్‌డ్రింక్ సీసా. అందుకే మళ్ళీ చెబుతున్నాను, సీసా మార్చకండి.

ఈ వారమే అటక దించండి. పేరు లేని సీసా కనిపిస్తే మూత తీయకండి, వాసన చూడకండి. 'విషం' అని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం అతికించి, పిల్లలకి అందని చోట విడిగా పెట్టి, పంచాయతీ వాళ్ళకి కబురు చేయండి.