పున్నమి పండక్కి మూన్‌కేక్: ఇంట్లో చేయడం ఎలా?

చైనా పంచాంగం ప్రకారం ఎనిమిదో నెల పదిహేనో రోజున శరత్కాలపు పున్నమి పండగ వస్తుంది. మన లెక్కలో అది ఎక్కువగా భాద్రపద పౌర్ణమికి, కొన్నేళ్లు ఆశ్వయుజ పౌర్ణమికి పడుతుంది. 2026లో సెప్టెంబరు 25న. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి, చంద్రుణ్ని చూస్తూ, లోపల పూర్ణం పెట్టి కాల్చిన మూన్‌కేక్ అనే పిండివంటను ముక్కలుగా కోసుకుని పంచుకుంటారు.

మూన్‌కేకుల్లో చాలా రకాలున్నాయి. చైనాలో సుచౌ నగరం వాళ్లది పొరలు పొరలుగా రాలే పైపొర. యున్నాన్‌లో లోపల పంది మాంసం హామ్ పెడతారు. నేను చెప్పబోయేది దక్షిణాన ఉన్న గ్వాంగ్‌డాంగ్ రకం: బంగారు రంగు, పైన అచ్చు పువ్వులు, లోపల తామర గింజల పూర్ణం, దాని మధ్యలో పున్నమి చంద్రుడిలా ఉప్పు గుడ్డు సొన. దీనికి చేతి పనితనం కన్నా ముందుచూపు ఎక్కువ కావాలి. పాకం కనీసం వారం ముందే కాచాలి, కాల్చిన కేకులు రెండు మూడు రోజులు ఆగాలి. పండగ రోజు పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి చేతికి వచ్చేది గట్టి బిస్కెట్ మాత్రమే.

50 గ్రాముల అచ్చుతో 12 కేకులకు కావాల్సినవి:

పైపొరకు: మైదా 120 గ్రాములు, కాచిన పాకం 85 గ్రాములు, పల్లీ నూనె 30 గ్రాములు, లై వాటర్ (వంట క్షారపు నీళ్లు) అర టీస్పూను.
పూర్ణానికి: పొట్టు తీసిన ఎండు తామర గింజలు 125 గ్రాములు, పంచదార 90 గ్రాములు, పల్లీ నూనె 75 గ్రాములు, ఉప్పులో ఊరిన బాతు గుడ్ల పచ్చసొనలు 6.
పైన రాయడానికి: ఒక కోడిగుడ్డు.

కొలతలకు కప్పులు వద్దు, కిచెన్ స్కేల్ వాడండి. పాకం పది గ్రాములు ఎక్కువైనా అచ్చు గీతలు ఓవెన్‌లో చెదిరిపోతాయి.

మొదట పాకం (కనీసం వారం ముందు)

400 గ్రాముల పంచదార, 200 మిల్లీలీటర్ల నీళ్లు అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో పోసి, కరిగేదాకా కలపండి. మరగడం మొదలయ్యాక 50 మిల్లీలీటర్ల నిమ్మరసం వడకట్టి పోయండి. ఇక గరిటె పెట్టకూడదు. కలిపితే పంచదార మళ్లీ పలుకు కడుతుంది. అంచులకు అంటిన పంచదారను తడి బ్రష్‌తో లోపలికి దించుతూ, సన్నటి సెగ మీద 40 నుంచి 50 నిమిషాలు కాయండి. టీ డికాక్షన్‌లాంటి ఎర్రటి రంగు రావాలి. థర్మామీటర్ ఉంటే 112 నుంచి 115 డిగ్రీల మధ్య దించేయండి. చల్లారాక తేనె అంత చిక్కగా ఉంటే సరిగ్గా వచ్చినట్టు. మరీ గట్టిపడితే కాసిని వేడినీళ్లు పోసి మళ్లీ ఒక పొంగు రానివ్వండి.

ఈ పాకమే మూన్‌కేక్‌కు ప్రాణం. నిమ్మరసంలోని పులుపు, వేడి కలిసి పంచదారను గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడతాయి. అందుకే ఇది పలుకు కట్టదు, గాలిలో తేమను పట్టి ఉంచుతుంది, ఓవెన్‌లో త్వరగా రంగు తిరుగుతుంది. మామూలు పంచదార పాకానికి గానీ బెల్లం పాకానికి గానీ ఈ గుణం ఇంతగా ఉండదు. తడి లేని గాజు సీసాలో పోసి పెడితే నెలల తరబడి చెడదు. నిలవ ఉన్నకొద్దీ రుచి కూడా బాగుంటుంది. ఈ కొలతకు వచ్చే పాకం దాదాపు ఐదు విడతలకు సరిపోతుంది.

గుడ్లు, గింజలు

ఉప్పు గుడ్లు చైనా సరుకుల దుకాణాల్లో దొరుకుతాయి. మన దగ్గర గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో బాతు గుడ్లకు కొదవ లేదు కాబట్టి ఇంట్లోనే ఊరబెట్టుకోవచ్చు, కాకపోతే నెల రోజులు పడుతుంది. లీటరు నీళ్లలో 250 గ్రాముల ఉప్పు మరిగించి పూర్తిగా చల్లార్చండి. పగుళ్లు లేని గుడ్లను కడిగి, జాడీలో ఈ నీళ్లలో మునిగేలా పెట్టండి. నెల తర్వాత పగలగొడితే తెల్లసొన నీళ్లలా, పచ్చసొన గట్టి ఎర్రటి గోళీలా ఉంటుంది. సొనలను కడిగి, తడి ఒత్తి, నీచు వాసన పోవడానికి కాస్త రమ్ము చిలకరించి, 160 డిగ్రీల వేడిలో ఏడెనిమిది నిమిషాలు ఉంచి తీయండి. చల్లారాక సగానికి కోయండి. గుడ్డు తినని వాళ్లు ఇది మానేయవచ్చు, ఉత్త తామర పూర్ణంతో చేసేవీ సంప్రదాయమైనవే.

తామర గింజల దగ్గర రెండు జాగ్రత్తలు. ఫూల్ మఖానా తామర గింజ కాదు, అది వేరే మొక్కది, దానితో ఈ పూర్ణం రాదు. లక్ష్మీపూజ మాలలకు వాడే నల్లటి గింజలు తామరవే గానీ, పూజా సామాగ్రిగా అమ్మేవాటిని తినడానికి వాడకండి. వంటకు అమ్మే తెల్లటి ఎండు గింజలే కొనండి.

వాటిని రాత్రంతా నానబెట్టి, రెండుగా చీల్చి, మధ్యలోని ఆకుపచ్చ మొలకను తీసేయండి. ఒక్కటి మిగిలినా పూర్ణం చేదెక్కుతుంది. వేళ్ల మధ్య నలిగేదాకా కుక్కర్‌లో ఉడికించి, నీళ్లు వంచి, మెత్తగా రుబ్బండి. జల్లెడలో ఒకసారి వత్తితే మరీ నున్నగా వస్తుంది. నాన్‌స్టిక్ బాండీలో ఈ ముద్ద, పంచదార వేసి, నూనెను నాలుగైదు విడతలుగా పోస్తూ తిప్పండి. పోసిన నూనె పూర్తిగా ఇంకాకే మళ్లీ పోయాలి. అరగంట పైనే పడుతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది, అయినా తొందరపడి దించకండి. తడి మిగిలితే కాల్చేటప్పుడు ఆవిరై కేకు పక్కలు ఉబ్బిపోతాయి. చల్లారిన ముద్ద చేతికి అంటకుండా ఉండ కట్టాలి.

తామర గింజలు దొరక్కపోతే ఎర్ర అలసందలు ఉడికించి, పొట్టు పోయేలా వడకట్టి ఇదే పద్ధతిలో చేయండి. చైనాలో ఎర్ర చిక్కుళ్ల పూర్ణం కూడా బాగా వాడుకలో ఉంది, దానికి ఇది దగ్గరగా వస్తుంది.

పైపొర

లై వాటర్ అంటే వంటకు వాడే క్షారపు నీళ్లు. మురుగు గొట్టాలు శుభ్రం చేసే లై వేరు, అది ప్రమాదకరం, దాని జోలికి పోవద్దు. వంటది దొరక్కపోతే బేకింగ్ సోడాను ట్రేలో పరిచి 130 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేయండి. చల్లారాక ఒక టీస్పూనుకు నాలుగు టీస్పూన్ల నీళ్లు కలపండి. చేతికి తగలనివ్వకండి, అల్యూమినియం గిన్నె వాడకండి. పాకంలోని పులుపును విరిచి, పైపొరకు ఆ ముదురు బంగారు రంగు తెచ్చేది ఇదే.

పాకం, లై వాటర్, నూనె బాగా గిలక్కొట్టి మైదా జల్లించి వేయండి. గరిటెతో కలిపితే చాలు, చపాతీ పిండిలా పిసకకూడదు. పిసికితే సాగుడు వచ్చి, కాల్చాక ముడుచుకుంటుంది. మూతపెట్టి రెండు గంటలు వదిలేయండి. గ్వాంగ్‌డాంగ్‌లో పల్లీ నూనె వాసనకు అలవాటు పడ్డవాళ్లే, కాబట్టి మన గానుగ నూనె భేషుగ్గా పనికొస్తుంది.

చుట్టడం, కాల్చడం

పైపొర పిండి 18 గ్రాములు, సగం సొనతో కలిపి పూర్ణం ఉండ 32 గ్రాములు. చేయి తిరిగినవాళ్లు పైపొరను ఇంకా పలుచన చేస్తారు, మొదటిసారికి ఈ లెక్కే మంచిది. బొబ్బట్టుకు పూర్ణం పెట్టడం వచ్చినవాళ్లకు ఈ పని కష్టం కాదు. పిండి బిళ్లను అరచేతిలో పలుచగా ఒత్తి, ఉండ పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందుతో పిండిని మెల్లగా పైకి నెట్టుతూ మూసేయండి. లాగితే చిరుగుతుంది, నెట్టితే సాగుతుంది. మైదాలో ఒకసారి దొర్లించి, ఎక్కువైంది దులిపి, అచ్చులో పెట్టి, సమంగా నొక్కి తీయండి.

ఓటీజీని 200 డిగ్రీలకు వేడెక్కనివ్వండి. కేకుల మీద నీళ్లు సన్నగా స్ప్రే చేసి 5 నిమిషాలు కాల్చండి, గీతలు గట్టిపడతాయి. బయటికి తీసి పది నిమిషాలు చల్లార్చండి. ఒక పచ్చసొన, చెంచా తెల్లసొన కలిపి వడకట్టి, బ్రష్‌ను దాదాపు పొడిగా విదిలించి, పైకి లేచిన గీతల మీద మాత్రమే అద్దండి. పల్లాల్లో గుడ్డు నిలిస్తే అచ్చు మొత్తం మాసిపోతుంది. గుడ్డు వద్దంటే పాలు రాయొచ్చు, మెరుపు తగ్గుతుంది. ఆ తర్వాత 170 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలి. పగుళ్లు వస్తే వేడి ఎక్కువైనట్టు, లేదా పిండి పొడిబారినట్టు.

తీసిన వెంటనే తింటే పైపొర గట్టిగా, పొడిపొడిగా ఉంటుంది. టెన్షన్ పడకండి. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టి మూసేయండి. పూర్ణంలోని నూనె మెల్లగా పైపొరలోకి చేరుతుంది, పాకం తేమను పట్టుకుంటుంది. రెండు మూడు రోజులకు పైపొర మెత్తబడి మెరుస్తుంది. చైనా వాళ్లు దీన్ని నూనె తిరిగి రావడం అంటారు. పండక్కి మూడు రోజుల ముందే కాల్చమనడం ఇందుకే.

ఒక్కోటి నాలుగు ముక్కలు కోసి, పాలు, పంచదార కలపని చైనా టీ, ఊలాంగ్ గానీ పూఅర్ గానీ, పక్కన పెట్టుకోండి. ఇంత తీపికి, ఇంత నూనెకు ఆ కాస్త వగరు కావాలి. మన దగ్గర ఆ నెలల్లో ఇంకా ఉక్కపోత ఉంటుంది కాబట్టి, మెత్తబడ్డాక డబ్బాను ఫ్రిజ్‌లోకి మార్చి వారం లోపు తినేయండి. తినే అరగంట ముందు బయట పెడితే పూర్ణం మళ్లీ మెత్తగా అవుతుంది.